‘అశువులు బాసిన అమరవీరులకు అశ్రు నివాళి’ – ఈ వాక్యం సరేనా?

నల్లగొండ, అడిగినవారు

ఏప్రిల్ 22 సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర పహల్గాం మృతుల సంస్మరణ పెడుతున్నం. ఫ్లెక్సీకి ఈ వాక్యం తయారైంది:

“పహల్గాంలో ముష్కరుల దాడిలో అశువులు బాసిన అమరవీరులకు ప్రథమ వర్ధంతి సందర్భంగా అశ్రు నివాళి. వారి ఆత్మకు శాంతి కలగాలి.”

అక్షరదోషాలే కాదు, మాటలు కూడా చూడండి సార్. ‘అమరవీరులు’ నప్పుతదా లేదా అని మా దగ్గరనే రెండు మాటలున్నయి. జెండా సగానికి దించాల్నా అని కూడా కొందరు అడుగుతున్నరు.

దేవరకొండ, తెలుగు పండితులు

ముందు అచ్చుతప్పు దిద్దండి. ‘అశువులు’ కాదు, ‘అసువులు’. అసువు అంటే ప్రాణం. పక్కనే ‘అశ్రు’లో ‘శ’ ఉంది కాబట్టి చెయ్యి దానికే పోతది. ‘అశ్రు నివాళి’ విడగొట్టకుండా ఒకే మాటగా రాయాలి. సంస్కృతం పక్కన తెలుగు మాట చేరింది, ఇది వైరి సమాసం అని అభ్యంతరం చెప్పేవాళ్ళు ఉంటే ‘బాష్పాంజలి’ అనండి. ఒకవేళ ‘శ్రద్ధాంజలి’ పెడితే ద కింద ధ వత్తు రావాలి. ఫ్లెక్సీల మీద సగానికి సగం ‘శ్రద్దాంజలి’ అనే పడుతుంది.

నివాళి గురించి ఒక మాట. పాత నిఘంటువుల్లో నివాళి అంటే హారతి. పెండ్లి పాటల్లో, మంగళహారతుల్లో వినపడేది ఆ నివాళే. చనిపోయినవాళ్ళకు వాడడం తర్వాత వచ్చిన వాడుక. అది పూర్తిగా స్థిరపడింది కాబట్టి తప్పు పట్టనక్కరలేదు. అయితే జతకలిసే క్రియలు చూసుకోవాలి. నివాళి అర్పిస్తాం, అంజలి ఘటిస్తాం, సంతాపం తెలుపుతాం. సానుభూతి మాత్రం చనిపోయినవాళ్ళకు కాదు, వాళ్ళ ఇంటివాళ్ళకు. ‘మృతులకు సానుభూతి’ అని మైకులో తరచుగా దొర్లే మాట, జాగ్రత్త.

మక్తల్

‘వర్ధంతి’ గురించి. మా పక్కన కన్నడంలో స్వామీజీల పుట్టినరోజుకు, గుడి వార్షికోత్సవానికి వర్ధంతి అంటరు. ధాతువు చూస్తే పెరగడమే అర్థం. తెలుగులో మాత్రం చనిపోయిన రోజుకే వాడతం. ఇంట్లో పెద్దమనిషి పోతే వర్ధంతి బాగానే ఉంటది గని, 26 మందిని ఒక్కపారి చంపిన రోజుకు అది అతకదు. తేదీ వేస్తే చాలు: 22 ఏప్రిల్ 2025.

మిర్యాలగూడ, చరిత్ర ఉపన్యాసకురాలు

‘అమరవీరులు’ తీసేయమనే నా మాట. కారణం మన జిల్లాలోనే ఉంది.

నల్లగొండలో అమరుడు అనగానే వినేవాళ్ళ మనసు సాయుధ పోరాటం మీదికి పోతది. ఆ తర్వాత 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత మలి దశ రాష్ట్ర ఉద్యమం. ఊర్లల్ల స్తూపాలున్నయి. (స్తూపమే, ‘స్థూపం’ కాదు. శిలాఫలకాల మీద ఆ తప్పు చెక్కి ఉంటే తుడవడం కుదరదు, ముందే చూసుకోవాలి.) ఇంకా వెనక్కు పోతే వీరగల్లులు, అంటే పోరులో పోయిన వీరులకు నిలబెట్టిన రాళ్ళు. మామూలుగా వాటిలో మూడు గళ్ళుంటయి. కింది గడిలో కత్తీ డాలూ పట్టుకున్న మనిషి పోరాడుతుంటడు. మధ్య గడిలో అప్సరసలు అతణ్ణి పైకి తీసుకపోతుంటరు. పై గడిలో శివలింగం ముందర కూసొని ఉంటడు. పశువుల మంద కోసమో, ఊరి కోసమో ఎదురు నిలిచి పోరినవాడికి ఆ రాయి. ఆ కొట్లాటలో అడ్డం దొరికి చచ్చిన మామూలు మనుషులకు రాయి వెయ్యలేదు, అందుకే వాళ్ళకు మన దగ్గర మాట కూడా తక్కువ.

పహల్గాం దగ్గరి బైసరన్ మైదానంలో చనిపోయినవాళ్ళు ఇట్లాంటి మామూలు మనుషులు. సెలవులకు పోయినవాళ్ళు, కొత్తగా పెండ్లైనవాళ్ళు, వాళ్ళను గుర్రాల మీద తిప్పే ఒక స్థానికుడు. వాళ్ళను వీరులంటే గౌరవం పెంచినట్టే కనపడుతది, కానీ జరిగిన నేరం తగ్గిపోతది. వీరుడంటే యుద్ధానికి తెలిసి పోయినోడు. వీళ్ళమీద యుద్ధం ఎవరో తెచ్చి పడేసిన్రు. ఆ గుర్రం మనిషి దుండగుల తుపాకీ లాక్కోబోయిండని అప్పటి వార్తల్లో వచ్చింది. అతనికి వీరుడన్న మాట చెల్లుతది, అది అతని పేరు చదివేటప్పుడు విడిగా చెప్పండి.

2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తూ కాల్పుల్లో పోయిన కానిస్టేబులు, హోంగార్డు సంగతి వేరు. అప్పుడు సూర్యాపేట నల్లగొండ జిల్లాలోనే ఉంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో పోయిన 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లదీ అంతే. ‘విధి నిర్వహణలో నేలకొరిగారు’, ‘అమరులయ్యారు’ అనే మాటలు వాళ్ళవి. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర పదిమంది పోలీసులు పోయిన అక్టోబరు 21ని పోలీసు అమరవీరుల సంస్మరణ దినం అంటున్నది కూడా అందుకే. అక్కడ సైతం సైన్యం జాగ్రత్త పడింది. 2022 ఫిబ్రవరిలో సైనిక ప్రధాన కార్యాలయం ఇంగ్లీషులో ‘మార్టిర్’ అనే మాట వాడొద్దని, ప్రాణత్యాగం, విధి నిర్వహణలో మరణం లాంటి అర్థమొచ్చే మాటలే వాడాలని లేఖ రాసింది.

నల్లగొండ, అడిగినవారు

మేడం, అమరవీరులు తీసేస్తం. మరి ఏం రాయాలె? మృతులా, హతులా, బాధితులా?

మహబూబ్‌నగర్, పత్రికలో పనిచేసేవారు

‘బాధితులు’ అంటే బతికి ఉన్నవాళ్ళు కూడా వస్తరు. గాయపడ్డవాళ్ళు, కండ్ల ముందర భర్తను పోగొట్టుకున్నవాళ్ళు అందరూ బాధితులే. ‘హతులు’ అర్థం ప్రకారం సరైనదే. కానీ మా శీర్షికల్లో ‘హతం’ అనేది ఎన్‌కౌంటర్‌లో పోయిన ఉగ్రవాదికి అంటుకుపోయింది. ‘ముగ్గురు ఉగ్రవాదులు హతం’ చదివిన కండ్లకు అదే మాట వీళ్ళకు కూడా కనపడితే ఇబ్బందే. ‘మృతులు’ లెక్కకు పనికొస్తది, నివాళికి పొడిగా ఉంటది.

అసలు పట్టుకోవాల్సింది క్రియను. ‘దుర్మరణం’ అంటే లారీ గుద్దినా రాస్తరు. ‘మృత్యువాత పడ్డారు’ అంటే వడదెబ్బకు కూడా సరిపోతది. ‘ప్రాణాలు కోల్పోయారు’ అంటే ఎవరు తీసిన్రో కనపడదు. ‘ప్రాణాలర్పించారు’ అంటే వాళ్ళే ఇచ్చినట్టు. ‘అసువులు బాసిన’లో ఉన్నదీ అదే, బాయడం అంటే విడవడం. తెలుగులో చంపినోణ్ణి కర్త చేసే మాటల్లో ఇక్కడ పనికొచ్చేవి రెండు ఉన్నయి, ‘బలిగొన్న’, ‘పొట్టనబెట్టుకున్న’. రెండోది మనోళ్ళ నోట్లో ఉన్న మాట, మైకులో చెప్పినప్పుడు గుండెకు తగులుతది. ఫ్లెక్సీకి మొదటిది సరి: ‘ఉగ్రవాదులు బలిగొన్న 26 మంది’.

‘ముష్కరులు’ తీసేయండి. తిట్టు ఎంత పెద్దదైతే ఫ్లెక్సీ మీద వాళ్ళకంత జాగ పోతది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినప్పుడు ఆ దేశ ప్రధాని జెసిండా ఆర్డెర్న్, చంపినవాడి పేరు తన నోట రాదని పార్లమెంటులో చెప్పింది. పోయినవాళ్ళ పేర్లే పలకమని కోరింది. వారానికి దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించింది, ఆ రోజు నమాజుకు పిలిచే అజాన్‌ను రేడియో, టీవీల్లో దేశమంతా వినిపించిన్రు.

దేవరకొండ, తెలుగు పండితులు

‘ఆత్మకు శాంతి’ వాక్యం కూడా తీసేయడం మంచిది. ఒకటి, ‘వారి ఆత్మకు’ అంటే 26 మందికి కలిపి ఒకటే ఆత్మ అయింది, ‘ఆత్మలకు’ అనాలి. రెండు, ఆ 26 మందిలో హిందువులతో పాటు ఒక క్రైస్తవుడు, ఒక ముస్లిం ఉన్నారు. స్వర్గీయ, శివైక్యం, ఆత్మశాంతి ఇవన్నీ ఒక్కో నమ్మకానికి చెందిన మాటలు. కుటుంబం తమ ఇంట్లో అనుకోవచ్చు. అందరి తరఫున పెట్టే సభలో అందరికీ సరిపోయేది మౌనమే. అది కూడా ‘మౌనం పాటించాలి’. ‘మౌనం వహించారు’ అంటే అడిగినదానికి జవాబు చెప్పలేదని అర్థం.

మహబూబ్‌నగర్, పత్రికలో పనిచేసేవారు

మౌనం దగ్గరనే సభలు చెడతయి. రెండు నిమిషాలని చెప్పి నలభై సెకన్లకే మైకు అందుకుంటరు. ఒకరికి గడియారం అప్పజెప్పాలె, ఆ మనిషికి ఇంకో పని పెట్టొద్దు. జనవరి 30న ఉదయం 11 గంటల మౌనానికి పద్ధతి చూడండి. సైరన్ 10.59కి మొదలై 11 దాకా మోగుతది, మళ్ళీ 11.02 నుంచి 11.03 దాకా. మొదలు, ముగింపు రెండూ వినపడేటట్టు ఉండడమే దాంట్ల కీలకం. మీకు సైరన్ ఉండదు కాబట్టి ‘మౌనం మొదలు’, ‘మౌనం ముగిసింది’ అని రెండే మాటలు చెప్పండి. నినాదాలుంటే మౌనం తర్వాత కొంచెం ఆగి ఇవ్వాలె.

జెండా గురించి: జాతీయ జెండాను సగానికి దించాలంటే ప్రభుత్వ ఆదేశం ఉండాలె, సంఘాలు సొంతంగా చెయ్యకూడదు. ఆదేశం వచ్చినప్పుడైనా నేరుగా సగం దాకా ఎగరేసి కట్టేయకూడదు. ముందు కొస దాకా ఎగరేసి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు సగానికి దించాలె. పొద్దుగూకి దించేటప్పుడు మళ్ళీ కొసకు ఎత్తి, తర్వాతనే పూర్తిగా దించాలె. ‘అవనతం’ అని పత్రికల్లో రాసేది దీన్నే. మీరు చేతికి నల్ల రిబ్బన్ కట్టుకోండి, చాలు.

మిర్యాలగూడ, చరిత్ర ఉపన్యాసకురాలు

ఫ్లెక్సీ మీద 26 పేర్లూ వేస్తున్నరా? వేస్తే మాత్రం పదవి, రాష్ట్రం, కులం చూసి వరుస పెట్టకండి. అకారాదిగా వేస్తే ఎవరూ నొచ్చుకోరు. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 స్మారకం దగ్గర ఇంకో పద్ధతి ఉంది. అక్కడ కంచు పలకల మీద 2,983 పేర్లు చెక్కిన్రు, 1993 బాంబుదాడిలో పోయిన ఆరుగురితో కలిపి. కుటుంబాలను అడిగి, కలిసి పనిచేసినవాళ్ళ పేర్లు, స్నేహితుల పేర్లు పక్కపక్కన పెట్టిన్రు. పుట్టినరోజున ఆ పేరు సందులో ఒక తెల్ల గులాబీ నిలబెడతరు. ఏటా ఆ రోజున పేర్లన్నీ చదవడానికి మూడు గంటలకు పైనే పడుతది. మీకు 26 పేర్లే. పేరు, ఊరు నిదానంగా చదివితే ఒక్కోదానికి అయిదు సెకన్లు, మొత్తం రెండు నిమిషాల పైన పదిసెకన్లు. మౌనానికి ముందే చదవండి, విన్న పేర్లు మౌనంలో మనసులో ఉంటయి.

హాలియా, డీటీపీ

పేర్లతోనే ఎక్కువ తప్పులొస్తయి సార్. ఇంగ్లీషు చూసి తెలుగులోకి కొట్టకండి. టి, హెచ్ కలిపి ఉంటే కేరళ, తమిళనాడు పేర్లల్ల అది చాలాసార్లు ‘త’, మరాఠీ పేర్లల్ల ‘థ’ గాని ‘ఠ’ గాని. ఒడియా, బెంగాలీ పేర్లు రాసేటప్పుడు ఆ రాష్ట్రమోళ్ళ నోటితో ఒకసారి వినాలె. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్‌ను పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కకు పోతయి. అందుకని అచ్చుకు పోయే ఫైలును చిత్రంగా మార్చి పంపమనండి, దాన్నే దిద్దండి.

సైజు చెప్తున్న. వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు అనుకుంటే పేర్లు రెండు నిలువు వరుసలు, ఒక్కోదాంట్ల 13. అక్షరం ఎత్తు అంగుళంన్నర, రెండు పంక్తుల నడుమ ఇంకో అంగుళం. ఆ అంగుళం తగ్గిస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతది, ఇది తెలుగుకు ఉన్న ఇబ్బంది. పేర్లకు 33 అంగుళాలు పోతే పైన శీర్షికకు 15 మిగులుతయి. ప్రతి పేరు ముందర ‘కీ.శే.’ వద్దు, జాగ తింటది. నాయకుల ఫొటోలు కూడా వద్దు, మిగిలిన జాగ అంతా పేర్లకే కావాలె.

నల్లగొండ, అడిగినవారు

అందరికీ నమస్కారం. ఇట్ల మార్చినం:

“పహల్గాం, 22 ఏప్రిల్ 2025
ఉగ్రవాదులు బలిగొన్న 26 మందిని
పేరుపేరునా యాది చేసుకుందాం”

కింద 26 పేర్లు, ఊర్లు. ‘యాది’ బదులు ‘సంస్మరిద్దాం’ పెట్టాలంటున్నరు ఒకరిద్దరు.

దేవరకొండ, తెలుగు పండితులు

యాది ఉంచండి. చదివినవాళ్ళకూ చదవనివాళ్ళకూ అందే మాట అది, పాలమూరులోనూ నల్లగొండలోనూ అందరి నోటా ఉన్నదే. ‘పేరుపేరునా’ ఒకే మాటగా, చివర దీర్ఘంతో రాయండి. ‘బలిగొన్న’లో న కింద న వత్తు పడిందో లేదో చూడండి.

హాలియా, డీటీపీ

దిద్దేటప్పుడు ఇద్దరు కూసోండి. ఒకరు అసలు జాబితా పైకి చదవాలె, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలె. తర్వాత కింది నుంచి పైకి ఇంకోసారి. ఒక్కరే చూస్తే తప్పు కూడా సరిగ్గనే కనపడుతది.