అప్‌డేట్: ముక్కిపోయిన వాసన వస్తున్న సెకండ్ హ్యాండ్ కారు కొనలేదు

కారులో ముక్కిపోయిన వాసన వస్తోంది, ఒక తలుపు రంగు కాస్త తేడాగా ఉంది, తీసుకోవచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడమన్న సలహానే పనికొచ్చింది. పైకి కొత్తదానిలా ఉన్న బెల్టు, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మాత్రం మట్టి చారలతో బిరుసుగా ఉంది. అప్పటిదాకా ఏసీ వాసనేనన్న ఓనరు ఇక నోరెత్తలేదు.

అయినా మెకానిక్‌కి చూపించాను. కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన బురద. నీళ్లలో మునిగిన బండేనని తేల్చాడు. వైరింగ్ కనెక్టర్లు ఇప్పుడు పనిచేసినా, తర్వాత ఒక్కొక్కటే మొరాయిస్తాయట.

నేను తెగ టెన్షన్ పడ్డ తలుపు రంగు మాత్రం ఉత్త గీతకు వేయించిన పెయింటే! ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు కాబట్టి ఓ నమస్కారం పెట్టి వచ్చేశాను.