అప్‌డేట్: 32వ వారం గ్రోత్ స్కాన్‌లో బరువు తక్కువ అన్నారు, ఆ తర్వాత

32వ వారం గ్రోత్ స్కాన్‌లో బిడ్డ అంచనా బరువు 10వ పర్సంటైల్ కంటే తక్కువగా (అంటే అదే వారంలో ఉన్న వంద మంది బిడ్డల్లో అతి తక్కువ బరువున్న పది మందిలో ఒకరిగా) వచ్చిందని, కాన్పు ముందుగానే చేయవలసి వస్తుందా అని అప్పట్లో అడిగాను. డాక్టరుగారి సూచన మేరకు రెండు వారాల తర్వాత డాప్లర్‌తో (రక్తప్రసరణను చూసే పరీక్ష) కలిపి మళ్లీ స్కాన్ చేయించుకున్నాము. బొడ్డుతాడు ధమనిలో రక్తప్రసరణ సక్రమంగా ఉందని, ఉమ్మనీరు సరిపడా ఉందని, బిడ్డ చిన్నగా ఉన్నా పెరుగుదల ఆగలేదని తేలింది. తల, పొట్టల చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు ఆధారంగా లెక్కగట్టే ఆ బరువులో 10 నుంచి 15 శాతం వరకు తేడా రావచ్చునని డాక్టరుగారు వివరించేదాకా, నేను ఆ ఒక్క అంకెనే తలుచుకుంటూ రాత్రుళ్లు నిద్రపోలేదు. ఈ మాట మొదటి స్కాన్ రోజే చెప్పి ఉండవలసింది. కదలికలను రోజూ గమనించుకుంటూ వచ్చాను. 38వ వారంలో 2.5 కిలోల పాప పుట్టింది, ఇద్దరం క్షేమంగా ఉన్నాము.