దీక్ష తీసుకోకుండా బౌద్ధం మొదలుపెట్టొచ్చా? (జాతర పొట్టేలు పంచాయితీతో సహా)

పత్తికొండ పిల్లోడు:
మాది కర్నూలు జిల్లా, పత్తికొండ పక్క పల్లె. ఆర్నెల్లుగా పొద్దున్నే అరగంట కూర్చుని శ్వాస గమనిస్తాండా. బుద్ధుని మాటల పుస్తకం ధమ్మపదం తెలుగులో చదివినా. దీక్ష, అంటే త్రిశరణం (బుద్ధుడు, ధమ్మం, సంఘం నాకు శరణు అనడం), పంచశీల (చంపను, దొంగిలించను లాంటి ఐదు మాటలు) ఇంకా తీసుకోలేదు. వచ్చే నెల ఊళ్ళో జాతర. మా అమ్మ పొట్టేలు మొక్కుకునింది, కోసేటప్పుడు నేను పక్కన నిలబడాలంట. ఇది చెప్తే నా దోస్తు ఒకడు “దీక్ష తీసుకోనోడు బౌద్ధుడే కాదు, నీది ఉత్త ఫ్యాషను” అన్యాడు. ముందు దీక్షా, ముందు సాధనా?

తుంగభద్ర ఒడ్డు:
మాట కటువేగానీ మీ దోస్తు చెప్పింది నిజమే తమ్ముడూ. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబు అంబేద్కర్ భిక్షువు చంద్రమణి దగ్గర త్రిశరణం, పంచశీల తీసుకున్నాడు. ఆ వెంటనే తాను రాసిన 22 ప్రతిజ్ఞలు లక్షలమందితో చేయించినాడు. ధ్యానం క్లాసు పెట్టలేదు. పాతది వదిలినామని పదిమంది ముందర నోరు తెరిచి చెప్పడమే మొదటి మెట్టు. గదిలో కండ్లు మూసుకుంటే హోటల్లో ఎస్సీలకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి పోతుందా?

రాగిసంగటి:
అన్నా, మహారాష్ట్రలోని యేవలాలో “హిందువుగా చావను” అని ఆయన చెప్పింది 1935లో. దీక్ష 1956లో. నడుమ ఇరవై ఒక్క ఏండ్లు చదివి, తూచి, అప్పుడు తీసుకున్నాడు. ఈ పిల్లోన్ని ఆర్నెల్లకే సర్టిఫికెట్ అడిగితే ఎట్లన్నా?

తుంగభద్ర ఒడ్డు:
ఆ ఇరవై ఒక్క ఏండ్లలో ఆయన రాజ్యాంగం రాసినాడప్పా, ముక్కు చూసుకుంటా కూర్చోలేదు. సర్టిఫికెట్ అని ఎగతాళి వద్దు. బౌద్ధం తీసుకున్న ఎస్సీలను కేంద్రం ఎస్సీలుగా ఒప్పుకునింది 1990లో. అంటే ఆ ముప్పై నాలుగేండ్లు కేంద్రం ఇచ్చే రిజర్వేషన్లు పోయినా మతం పేరు మార్చుకున్న జనం ఉన్నారు. “పేరుతో పనిలేదు, నాకు ప్రశాంతత చాలు” అనేటోళ్ళను చూస్తే నాకు మంట. అంతే.

రిటైర్డు అయివారు:
నాయనా పత్తికొండా, గుత్తి రోడ్డులో ఎర్రగుడి దగ్గర అశోకుడు చెక్కించిన రాళ్ళున్నాయి, ఎప్పుడన్నా పోయినావా? నేను పిల్లోళ్ళను వెంటబెట్టుకుని పోయేవాణ్ణి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి ఉంటాయి, మడక మలుపుకున్నట్టు. అది చెప్తే పిల్లోళ్ళకు భలే సంబరం. సరే, దాంట్లో రాజు చెప్పుకున్నదేమంటే: నేను ఉపాసకుణ్ణయి (ఇంట్లో ఉండే బౌద్ధుణ్ణయి) రెండున్నర ఏండ్లు దాటింది, మొదటి ఏడాది పెద్దగా పూనుకోలేదు, భిక్షువుల సంఘం దగ్గరికి పోయినాకనే గట్టిగా పట్టుకున్నాను. అంటే పేరు ముందొచ్చింది, పని ఏడాది తర్వాత! ఈ పిల్లోనిది తిరగబడింది, పని ముందు, పేరు వెనక. దీంట్లో తప్పేముంది? ఇంతటి చక్రవర్తి తన సోమరితనాన్ని రాతి మీద చెక్కించుకున్నాడు, మనకు ఒప్పుకోవడానికేం సిగ్గు?

తుంగభద్ర ఒడ్డు:
అయివారూ, మంచిగా చెప్తిరి. ఆ బండల మీదే పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. మొదటిదాంట్లో “ఇక్కడ ఏ ప్రాణినీ చంపి బలి ఇవ్వగూడదు” అని ఉంది. అది ఎందుకు చెప్పలేదు? జాతర పొట్టేలుకు సరిగ్గా తగులుతుంది.

రిటైర్డు అయివారు:
తగులుతుంది, కాదనను. అదే శాసనం కిందికి చదువు. రాజు వంటశాలలో ఒకప్పుడు కూరకని రోజూ లక్షల ప్రాణులు పోయేవంట. శాసనం రాయించే నాటికి మూడు మిగిలినాయి, రెండు నెమళ్ళు, ఒక జింక. జింక కూడా రోజూ కాదు. ఇకమీదట ఆ మూడూ ఉండవన్నాడు. ఆజ్ఞ ఇచ్చిన రాజు ఇంట్లోనే రెండు నెమళ్ళు మిగిలి ఉండగా, ఈ పిల్లోడు వాళ్ళమ్మను ఒక్కనెలలో మార్చాలనా?

పెన్నా అక్క:
కడప నుంచి. నేను గోయెంకా అనే గురువు నేర్పిన పద్ధతిలో పదిరోజుల విపశ్యన ధ్యానం శిబిరం చేసినా. తెల్లారి నాలుగింటికి గంట కొడతారు, మాటలుండవు, ఫీజు లేదు, మొదటి మూడురోజులూ ముక్కు దగ్గర శ్వాసే. కానీ కూర్చోకముందే త్రిశరణం, పంచశీల చెప్పిస్తారు. అందుకే ముందు ఇదా అదా అనే గొడవ నాకు అర్థం కాదు. పాళీలో శీలం చెప్పేటప్పుడు “సిక్ఖాపదం సమాదియామి” అంటాం, ఈ శిక్షణ మెట్టు తీసుకుంటున్నా అని. నేర్చుకునేవాని మాట అది.

తమ్ముడూ, తినేది వేరు, కోసేది వేరు. తన కోసం చంపినట్టు చూడలేదు, వినలేదు, అనుమానం లేదు అంటే భిక్షువులకు కూడా మాంసం నిషేధం కాదని థేరవాద శాఖ వినయం, అంటే భిక్షువుల నియమాల గ్రంథం, చెప్తుంది. నీ పొట్టేలు ఇంట్లోనే, నీ కండ్ల ముందరే. ఆ వెసులుబాటు నీకు దొరకదు. పక్కన నిలబడనని అమ్మకు నెమ్మదిగా చెప్పు. కొట్లాడొద్దు.

రాగిసంగటి:
అక్కా, మా అమ్మతో నెమ్మదిగా చెప్పి గెలిచినోడు అనంతపురం జిల్లాలో ఇంకా పుట్టలేదు.

పత్తికొండ పిల్లోడు:
రాత్రి మాట్లాడినా. తుంగభద్రన్నా, కోపగించుకోవద్దు, దీక్షకు నేను ఇంకా తయారుగా లేను, ఉన్నప్పుడు మీకే చెప్తా. అయివారూ, ఎర్రగుడికి ఈ ఆదివారం పోతాండా.

అమ్మ మొక్కు మానదంట. “నువ్వు నిలబడొద్దులే, మీ మామ నిలబడతాడు” అనింది. అని, కొంచేపు ఊరకుండి, “కూర తింటావా మరి?” అని అడిగింది. దానికి జవాబు చెప్పకుండా పడుకున్నా.