ఇంటి షెడ్డుకు ఏ కారు లిఫ్ట్ మంచిది?

ప్రశ్న: అన్నలకు నమస్తే. హన్మకొండల ఇంటి షెడ్డు. బీమ్ కిందికి 9.5 అడుగులే ఉన్నది. కింద తాండూరు బండలు, కరెంటు సింగిల్ ఫేజ్. ఇన్నోవా క్రిస్టాకు ఆయిల్, బ్రేకుల పని సొంతంగ చేసుకోవాలె. రెండు స్తంభాల లిఫ్టా, సిజర్‌దా (కత్తెర లెక్క కింద నుంచి లేచేది)?

జవాబు 1: ముందు ఎత్తు లెక్క చూడు తమ్మీ. 9.5 అడుగులంటే 2.9 మీటర్లు, క్రిస్టా 1.8 మీటర్లు. ఒక్క మీటరే లేస్తది. దానికి రెండు స్తంభాలది దండుగ. 3 టన్నులు లేపే సిజర్ తీస్కో. కాకపోతే నడుమ ఇనుమే ఉంటది, గేర్‌బాక్స్ దించుడు కష్టం. క్రిస్టాకు చాసిస్ (కింది ఇనుప చట్రం) వేరే ఉంటది కాబట్టి రబ్బరు దిమ్మెలు దాని కిందనే పెట్టు, బాడీ రేకు కింద పెడితే సొట్ట పోతది.

జవాబు 2: బండల మీద యాంకర్ బోల్టులు (లిఫ్ట్‌ను నేలకు బిగించేటివి) కొట్టనే కొట్టకు. బండ పగిలి బోల్టు ఊడొస్తది. బండలు తీసెయ్, రేగడైతే మొరం తగిలేదాక తవ్వు, మొరం నింపి దిమ్మిస కొట్టు. రేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగే మట్టి, పైన కాంక్రీట్ ఎంత గట్టిదైనా పగులుతది. ఇనుప జాలీ వేసి 6 అంగుళాల మందం ఎం25 రకం కాంక్రీట్ పొయ్యి. 28 రోజులాగి, అంచుకు 6 అంగుళాలు విడిచి రంధ్రాలు వెయ్యి. లోపలి దుమ్ము ఊది తియ్యకుంటే బోల్టు పట్టదు.

జవాబు 3: లిఫ్ట్‌ది 3 హెచ్‌పీ మోటారైతే దానికి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగ గుంజు. వోల్టేజ్ పడితే మోటారు గుయ్యిమని ఆగుతది, బటన్ ఒత్తి పట్టకు, కాలిపోతది. నువ్వు బండి కిందికి పోయే ముందు దాన్ని లిఫ్ట్ సేఫ్టీ లాకుల మీదికి దించు, రెండు దిక్కుల పడ్డయా కండ్లతో చూడు.