కార్పొరేటర్ అభ్యర్థికి ఉండవలసిన అర్హతలేమిటి?

ప్రశ్న:
మా వార్డు నుంచి నగరపాలక సంస్థకు తొలిసారి పోటీ చేస్తున్న ఒకరు కరపత్రం నిండా తన ఎం.బి.ఎ. పట్టా గురించి, వ్యాపారానుభవం గురించి రాసుకున్నారు. ప్రత్యర్థి పదో తరగతి వరకే చదివినా కాలనీ సంక్షేమ సంఘంలో చాలాకాలంగా పనిచేస్తున్నారు. చట్టం ఏ అర్హతలు కోరుతుంది? వీరి నేపథ్యాన్ని ఏ ఆధారాలతో పరిశీలించాలి?

మొదటి జవాబు:
రాజ్యాంగంలోని 243వి అధికరణం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు పురపాలక ఎన్నికల్లో పోటీ చేయవచ్చు. చదువును రాజ్యాంగం షరతుగా పెట్టలేదు. పంచాయతీ ఎన్నికలకు హరియాణా విధించిన విద్యార్హతను సుప్రీంకోర్టు 2015లో సమర్థించినా, అటువంటి నిబంధననే తెచ్చిన రాజస్థాన్ 2019లో దానిని ఎత్తివేసింది. కరపత్రాన్ని పక్కనపెట్టి, నామినేషన్‌తో సమర్పించిన అఫిడవిట్ చదవండి. అందులో కేసుల సంఖ్యను మాత్రమే చూసి ఒక నిర్ణయానికి రాకండి. తాగునీటి కోసం ధర్నా చేసినందుకు పెట్టిన కేసునూ, భూకబ్జా కేసునూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

రెండవ జవాబు:
అఫిడవిట్ అవసరమే కానీ, అది అభ్యర్థి పని తీరును చెప్పదు. రాజ్యాంగంలోని పన్నెండవ షెడ్యూలు పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు వంటి 18 అంశాలను రాష్ట్రాలు పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొంది. కౌన్సిల్‌లో బడ్జెట్‌పై ఓటు వేసేది, వార్డు పనుల గురించి కమిషనర్‌ను నిలదీసేది కార్పొరేటరే. కాబట్టి, నిరుడు మన వార్డుకు మంజూరైన పనులేవి, వాటిలో ఆగిపోయినవేవి, ఎందుకు ఆగాయి అని ఇద్దరినీ అడగండి. సంక్షేమ సంఘంలో పనిచేసినవారైతే తాము ఇచ్చిన అర్జీలను, వాటికి వచ్చిన సమాధానాలను చూపగలగాలి, ఎం.బి.ఎ. చదివినవారు ఆస్తిపన్ను వసూలుకూ వార్డుకు వచ్చే నిధులకూ ఉన్న సంబంధాన్ని వివరించగలగాలి. నా దృష్టిలో పట్టా కంటే ఈ జవాబులే బరువైనవి.

మూడవ జవాబు:
ఒక్క మాట చేర్చాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పురపాలక స్థానాల్లో సగం మహిళలకు రిజర్వు అయ్యాయి. మీది అటువంటి వార్డే అయితే, అభ్యర్థి భర్తో తండ్రో ముందుకొచ్చి సమాధానాలు చెప్పే అవకాశం ఉంది. గెలిచాక సమావేశంలో కూర్చోవలసిన వ్యక్తినే మాట్లాడనివ్వమని మర్యాదగా, గట్టిగా అడగండి.