రాయి పనివాళ్ల వేలిముద్రలు పడటం లేదు, ఫేస్ మెషిన్‌కి మారాలా?

చీమకుర్తిలో మాది చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. గేటుకి వేలిముద్ర మెషిన్ పెట్టాం. ఆఫీసువాళ్లకి టక్కున తెరుచుకుంటుంది గానీ, రోజంతా నీళ్లలో, రాతిపొడిలో పనిచేసేవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి షిఫ్టు మారేటప్పుడు పెద్ద క్యూ. ఒక్కొక్కరివి రెండు మూడు వేళ్లు ఎక్కించినా అంతే. సెన్సర్ పట్టింపు (ముద్ర ఎంత కచ్చితంగా కలవాలనే సెట్టింగ్) తగ్గించుకోమన్నాడు సర్వీసు కుర్రాడు. అలా చేస్తే ఒకరి వేలికి ఇంకొకరి పేరు పడదా?

ఫేస్ మెషిన్ అంటే దుమ్ము, మాస్కులు, పైగా మా గేటుకి సాయంత్రం ఎదురెండ. ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతితో చూసే) కెమెరా ఉన్నవి ఆ ఎండలో ఆగుతాయా? ఫోను‌లో ఫోటో చూపిస్తే మోసపోవా? కార్డులు పెడదామంటే ఒకడిది ఇంకొకడు గీకేస్తాడు, అదో గోల. తాళం మాత్రం కరెంటు పోతే దానంతటదే తెరుచుకునేదే కావాలి, లోపల మనుషులుంటారు. క్వారీల్లో, మిల్లుల్లో వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.