అప్‌డేట్: దప్పళంలో ముక్కలు ఉడికాయి

దప్పళంలో గుమ్మడికాయ గుజ్జయిపోతుంటే చిలగడదుంప మాత్రం ఎంతసేపటికీ గట్టిగానే ఎందుకు ఉంటోందని పోయిన వారం అడిగాను. తప్పు నాదే. మొదటి నుంచీ చింతపండు పులుసులోనే ముక్కలన్నీ ఒకేసారి వేసేదాన్ని. పులుపు తగిలితే కూరగాయ మెత్తబడటానికి మొరాయిస్తుందని మీరు చెప్పాక గానీ తెలియలేదు. ఇన్నేళ్లూ పాపం దుంపను తిట్టుకున్నాను!

నిన్న మళ్లీ చేశాను. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముందు చిలగడదుంప, ములక్కాడలు. అవి సగం ఉడికాక సొరకాయ, వంకాయ. అందరికంటే చివర తీపి గుమ్మడికాయ, చెక్కు తీయకుండా పెద్ద ముక్కలుగా. చాకు మొన సులువుగా దిగిన తరువాతే నిమ్మకాయంత చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించాను. చిక్కదనానికి రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోశాను. శనగపిండే వేయాలన్నవారు క్షమించాలి, ఆ వాసన మా ఇంట్లో ఎవరికీ పడదు. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు.

మాఘమాసం వచ్చినా ఇక్కడ తెల్లవారుజామున చలి వదలలేదు. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పైన ఈ పులుసు. మా అత్తగారు బాగుందని అనలేదు, కానీ అడగకుండానే రెండోసారి వడ్డించుకున్నారు. మిగిలింది ఈ రోజు మధ్యాహ్నం తిన్నాం, నిన్నటికంటే రుచిగా ఉంది.

ఇంగువ మాత్రం కాస్త ఎక్కువైంది.